ఎందుకు సంతకం పెట్టావని అడగని ఆవిడకి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం టైటిల్ కంపెనీ (ఇంటి అమ్మకం కాగితాలు, డబ్బు లెక్కలు చూసేవాళ్లు) నుంచి మెయిల్ వచ్చింది. ఇల్లు అమ్ముడుపోయింది, లోన్ మొత్తం తీరిపోయింది, బ్యాలెన్స్ సున్నా. అది చూసి ఏడ్చి, పడుకుని, మళ్లీ లేచి ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా విడాకుల్లో డాలస్ దగ్గరి ఇల్లు ఆయనకి వెళ్లింది. ఇద్దరి పేర్ల మీదా ఉన్న లోన్ ఆయనే కట్టాలని విడాకుల డిక్రీలో రాశారు. నా వాటా ఆయన పేరు మీదికి మారుస్తూ నోటరీ ముందు స్పెషల్ వారంటీ డీడ్ మీద సంతకం పెట్టాను. ఇంటితో సంబంధం తెగింది, లోన్‌తో తెగలేదు. తర్వాత ఆయన ఉద్యోగం పోయింది, కట్టడం ఆపేశారు. బ్యాంకు ఉత్తరాలన్నీ ఆ ఇంటికే వెళ్లాయి. కారు లోన్ రాకపోతే ఎందుకా అని క్రెడిట్ రిపోర్ట్ తీశాను. 30 రోజుల లేటు, 60, 90, 120. కౌంటీ వాళ్ల వేలం లిస్టులో అడ్రస్ కూడా ఉంది. టెక్సస్‌లో మామూలు ఇంటి లోన్‌కి కోర్టుకి వెళ్లక్కర్లేదు. 21 రోజుల ముందు నోటీసు ఇచ్చి, నెలలో మొదటి మంగళవారం పాట పెట్టేస్తారు.

ఎవరికి చెప్పుకున్నా మొదటి మాట ఒకటే. "లోన్‌లో పేరు ఉండగా డీడ్ మీద ఎందుకు సంతకం పెట్టావ్?" మంచి మనసుతోనే అడిగారు, కాదనను. కానీ అదే ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ చివరికి ఫోన్లు ఎత్తడమే మానేశాను.

అప్పుడు దొరికారు ఆవిడ. ఇక్కడి ప్రభుత్వ గృహ శాఖ, అదే హడ్, గుర్తించిన ఒక సంస్థలో కౌన్సెలర్. ఇలాంటి వాళ్లు ఉంటారని, ఫోర్‌క్లోజర్ కేసుల్లో, అంటే లోన్ కట్టనందుకు ఇల్లు వేలానికి వచ్చినప్పుడు, పైసా తీసుకోకుండా సాయం చేస్తారని నాకు అప్పటిదాకా తెలీదు. మా పెద్దమ్మ వయసుంటుంది. నేను అలవాటు కొద్దీ సంతకం ఎందుకు పెట్టానో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ ఆపేశారు. "అది నాకు అక్కర్లేదు హనీ. డిక్రీ మీ ఇద్దరి మధ్యది, అందులో బ్యాంకు సంతకం లేదు. బ్యాంకుకి ఎంత కావాలో కనుక్కుందాం పద" అన్నారు.

బ్యాంకు లైన్‌లో హోల్డ్ మ్యూజిక్ మోగుతున్నంతసేపూ ఫోన్ పెట్టకుండా నాతోనే ఉన్నారు. తన లంచ్ టైమ్ అయిపోయింది కూడా. అవతలివాడు "ఇల్లు ఈవిడ పేరు మీద లేదు, వివరాలు చెప్పలేం" అంటే ఆవిడ గొంతు పెంచకుండానే "లోన్ నోట్ మీద ఈమె సంతకం ఉందా లేదా? క్రెడిట్ స్కోరు ఎవరిది పడుతోంది?" అని అడిగారు. ఇన్నాళ్లూ నాకు చెప్పని బకాయి లెక్క ఆ మధ్యాహ్నమే మెయిల్‌లో వచ్చింది.

నా కాగితాల్లో డీడ్ ఆఫ్ ట్రస్ట్ టు సెక్యూర్ అజంప్షన్ అని ఒకటి ఉందని పట్టుకున్నది కూడా ఆవిడే. ఆయన కట్టకపోతే నేను కట్టి, ఆ ఇంటి మీద చర్య తీసుకునే హక్కు నాకిచ్చే కాగితం అది. "దీని గురించి నేను చెప్పకూడదు, ఇవాళే లాయర్‌కి చూపించు" అన్నారు. లాయర్ ఆ కాగితం పట్టుకుని మాట్లాడాకే ఆయన ఇల్లు అమ్మడానికి ఒప్పుకున్నారు. పెరిగిన ధరకి లోన్ పోను మిగులుతుంది కూడా. అలాంటి ఇంటిని వేలానికి వదలడమేంటని ఆవిడకి నాకంటే ఎక్కువ బాధ.

బకాయి కట్టేశాక ఒక శుక్రవారం రాత్రి, ఆఫీసు టైమ్ ఎప్పుడో అయిపోయాక, ఆవిడే ఫోన్ చేశారు. "బ్యాంకుతో మాట్లాడాను, మంగళవారం వేలం రద్దు చేశారు. ఇక నిద్రపో" అన్నారు. ఫోన్ పెట్టాక కిచెన్‌లో నేల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. గిఫ్ట్ కార్డ్ ఇస్తే తీసుకోలేదు, రూల్స్ ఒప్పుకోవట. వాళ్ల సూపర్‌వైజర్‌కి ఉత్తరం రాశాను.

బకాయి డబ్బు అన్నయ్య సర్దాడు, వదిన పాపని చూసుకుంది. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు.

ఒక్క మాట మాత్రం మింగుడుపడట్లేదు. ఇంటి మీద నా పేరు తీయడానికి ఒక సంతకం చాలింది. లోన్ మీద తీయాలంటే మామూలుగా ఆయన రీఫైనాన్స్ చేయాలి, అంటే తన ఒక్కడి పేరు మీద కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చాలి. 2021లో మూడు శాతానికి వచ్చిన లోన్‌ని వదులుకుని అంతకంటే ఎక్కువ వడ్డీకి ఎవరు వెళ్తారు? విడాకుల వల్ల ఇల్లు చేతులు మారితే లోన్ మొత్తం ఒకేసారి కట్టమని బ్యాంకు అడగకూడదని 1982 నుంచి చట్టం ఉంది, మంచిదే. కానీ ఇల్లు వదులుకున్నవాళ్ల పేరు లోన్‌లోంచి తీయాలని మాత్రం ఆ చట్టంలో లేదు. నెలనెలా నా స్కోరు కోయడానికి బ్యాంకుకి నా సోషల్ సెక్యూరిటీ నంబర్ దొరికింది. నాకో ఉత్తరం వేయడానికి అడ్రస్ దొరకలేదు!

వేలం జరిగుంటే ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) రూల్ ప్రకారం మామూలుగా ఏడేళ్లు ఇంటి లోన్ మాట ఎత్తగలిగేదాన్ని కాదు. అది తప్పింది. లేటు పేమెంట్లు మాత్రం ఏడేళ్లు రిపోర్ట్‌లో ఉంటాయి, అవి నిజమే కాబట్టి తీయరు. క్రెడిట్ రిపోర్ట్‌లు తయారుచేసే ఒక బ్యూరోలో ఇంకా ఫోర్‌క్లోజర్ నడుస్తోందనే చూపిస్తోంది. అది తప్పని డిస్ప్యూట్ పెట్టాను, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి.

అయ్యో, కమిషన్ తగ్గించుకుని ఇల్లు అమ్మిపెట్టిన రియల్టర్ అన్నని మర్చిపోయాను. అన్నా, సారీ. లైబ్రరీలో నా కాగితాలన్నీ స్కాన్ చేసిపెట్టిన కుర్రాడికి, మీటింగుల్లో నా బదులు కూర్చున్న టీమ్‌మేట్‌కి కూడా థాంక్స్. ఇంకా, ఈ స్కోరు చూసి కూడా డిపాజిట్ కాస్త ఎక్కువ తీసుకుని లీజ్ రెన్యూ చేసిన మా అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి. ఆయనకి తెలుగు రాదు, రేపు వెళ్లి నోటితోనే చెప్తాను.