ఆదిలాబాద్ చలి, బఫెలో మంచు

ఒరేయ్ శీనూ,

ఆదిలాబాద్‌లో పళ్ళు టకటకలాడుతున్నాయని, భూమి వేడెక్కుతోందన్న పెద్దమనుషుల్ని ఓసారి అటు పంపమని రాశావు. నీ వెటకారం పోలేదురా. ఇక్కడ అమెరికాలో ఇన్‌హోఫ్ అనే సెనేటర్ 2015 ఫిబ్రవరిలో ఇదే పని చేశాడు, బయట్నుంచి మంచుముద్ద తెచ్చి సభలో విసిరాడు. ఆ చలికాలం అమెరికా తూర్పు వైపు వణికిన మాట నిజం. ప్రపంచం మొత్తం లెక్క తీస్తే మాత్రం అప్పటిదాకా నమోదైన వాటిలో 2015 అన్నిటికంటే వేడి సంవత్సరం!

నీ రెండో ప్రశ్నను అలా తీసెయ్యలేను. భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే గ్రీన్‌హౌస్ వాయువుల్లో పెద్దన్న నీటి ఆవిరే కదా, కార్బన్ డయాక్సైడ్‌ని ఎందుకు తిడతారన్నావు. పెద్దన్నే. ఆ మొత్తం ప్రభావంలో దాదాపు సగం దానిదే. గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉన్న రాత్రులే కదా మీ ఊళ్ళో చలి ఎముకలు కొరికేది? మబ్బు పడితే అంత ఉండదు. కాకపోతే ఆవిరి తనంతట తాను పెత్తనం చెయ్యలేదు. ఎక్కువైతే పది రోజులు తిరక్కుండానే వానగానో మంచుగానో దిగిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కార్బన్ డయాక్సైడ్ అలా దిగిపోదు, వందల ఏళ్ళు పేరుకుంటుంది. ముందు అది కాస్త వేడి పెంచుతుంది, ఆ వేడికి ఆవిరి పెరిగి దాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినాటుబో అగ్నిపర్వతం పేలాక భూమి అర డిగ్రీ దాకా చల్లబడితే గాలిలో ఆవిరి కూడా తగ్గింది. కొలిచి చూశారురా, ఊహ కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న మా ఊరు బఫెలో సంగతి ఇంకో తమాషా. 2022 నవంబర్‌లో పక్కనే ఆర్చర్డ్ పార్క్‌లో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. అప్పటికి సరస్సు ఇంకా గడ్డకట్టలేదు, నీళ్ళలో వెచ్చదనం ఉంది. దాని మీదుగా వచ్చిన చలిగాలి ఆవిరిని లాక్కొచ్చి ఊళ్ళ మీద కుమ్మరించింది. సరస్సు గడ్డకట్టాక ఈ గోల చాలావరకు ఆగిపోతుంది. మా ఆఫీసులో ఇలాంటి మంచు పడ్డప్పుడల్లా ఒకాయన "వేడెక్కడం ఎక్కడ?" అంటాడు, ఇంకొకావిడ "ఇదంతా వాతావరణ మార్పే" అంటుంది. నాకు ఇద్దరితోనూ పేచీయే. ధ్రువ ప్రాంతం వేడెక్కడం వల్లే చలిగాలులు ఇంత కిందికి జారుతున్నాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లోనే ఇంకా తగాదా నడుస్తోంది. ఎండ కాసినా అదే, చలి వేసినా అదే అంటే నీలాంటివాడు నవ్వడా మరి? అనుమానపడితే అక్కడ పడు, నేనూ తోడుంటా. ఆవిరి లెక్క జోలికి మాత్రం పోకు.

ఈసారి రాసేటప్పుడు మీ ఊరి జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రతలు ముప్ఫై ఏళ్ళవి దొరికితే పంపు. ఈ ఒక్క వారానివి నాకొద్దు. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు