గోదావరి కాలువ గట్లను గ్రావెల్ దారులుగానే ఉంచండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

బొబ్బర్లంక నుంచి అంతర్వేది దాకా గోదావరి మధ్య డెల్టా కాలువ గట్ల మీదుగా సాగే దారిని సైకిల్ దారిగా ప్రకటించాలని, దానికి తారు వేయకుండా గ్రావెల్ దారిగానే ఉంచి ఏటా మరమ్మతు చేయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. గట్లు జలవనరుల శాఖ అధీనంలో ఉన్న మాట నిజమే. అయితే ఆ శాఖకు గట్టంటే నీటిని కాచే కట్ట. దాని మీద సాగే ప్రయాణం గురించి ఆలోచించవలసింది మీ శాఖ కనుక ముందుగా మీకే విన్నవించుకుంటున్నాను.

కోస్తా వెంట సైకిల్ మీద దూరం వెళ్లాలనుకునేవారు ఇవాళ ఎక్కువగా 216వ నంబరు జాతీయ రహదారినే ఎక్కవలసి వస్తోంది. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా ఒంగోలు చేరే ఈ రోడ్డు మీద చేపల లారీలు, ఇసుక టిప్పర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడు ఆ గాలి తాకిడికే సైకిల్ అంచుకు జరుగుతుంది, అంచు దిగితే ఇసుకలో చక్రం దిగబడుతుంది. ఈ రోడ్డుకు అంత దూరంలో కూడా కాదు, కొబ్బరి తోటల అవతలే, ఊరి నుంచి ఊరికి తెగకుండా సాగే కాలువ గట్లున్నాయి. వాటి మీద మధ్యాహ్నం పూట ఎదురయ్యేది ఒక ట్రాక్టరో, గడ్డిమోపుతో వచ్చే మనిషో.

గ్రావెల్ సైకిల్ గురించి మీ అధికారులకు తెలియడానికి నాలుగు మాటలు చెబుతాను. చూడడానికి అది రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్‌తో ఉంటుంది కానీ టైర్లు 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. గాలి కాస్త తక్కువగా కొట్టి తొక్కితే గతుకులను టైరే మింగేస్తుంది. యూరప్‌లోనూ అమెరికాలోనూ తారు లేని పల్లె దారులను వెతుక్కుంటూ ఈ సైకిళ్ల మీద రోజుల తరబడి ప్రయాణించేవారు పెరిగారు. మన నగరాల్లోనూ ఇవి కనిపిస్తున్నాయి. వాటిని కొనగలిగినవారి కోసమే ఈ దారి అడుగుతున్నానని మాత్రం అనుకోవద్దు. ఆ టైరు సాఫీగా పోయే దారి మీద హైస్కూలు పిల్లల సైకిలూ, పాల క్యాన్లు కట్టుకున్న సైకిలూ అంతే సాఫీగా పోతాయి.

ఈ గట్లు మొదటినుంచీ ప్రయాణానికి పనికొచ్చినవే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర హయాంలో తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాక పడవలనూ నడిపాయి. నీటి మట్టం మారే చోట పడవలను ఎక్కించి దించే తలుపుల కట్టడాలైన లాకులు కట్టింది ఆ పడవల కోసమే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు కాబట్టి, అడుగు తడబడకుండా గట్టును చదునుగా, ఎక్కడా తెగకుండా ఉంచేవారు. రోడ్లు వచ్చి పడవలు పోయాయి. 2022లో ధవళేశ్వరం ఆనకట్టను అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. ఆ ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువల గట్లు మాత్రం చాలాచోట్ల చెత్త పోసే జాగాలుగా మారాయి.

నేను కోరుతున్న దారి ఇది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. అక్కడి నుంచి గట్టు పట్టుకుని ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకులకు చేరితే, కాలువ పాయలుగా చీలే చోటు కళ్లెదుట ఉంటుంది. గన్నవరం కాలువ వెంట సాగి, పి.గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు మీద గోదావరి పాయ అయిన వైనతేయను దాటాలి. కింద నది, పక్కన ఆ నదిని దాటుతున్న కాలువ. నీటి మీదుగా నీరు వెళ్లడం పిల్లలకు చూపించదగ్గ దృశ్యం. అవతల రాజోలు సీమ కాలువల వెంట సఖినేటిపల్లికి, అక్కడి నుంచి మరో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదికి చేరవచ్చు. ఓపిక ఉన్నవారు ఒక రోజులో తొక్కేస్తారు, మిగతావారు మధ్యలో ఒక రాత్రి ఆగుతారు. వెనక్కి అదే దారిన రావడం ఇష్టం లేనివారు సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఎక్కి నరసాపురంలో దిగి రైలు అందుకోవచ్చు.

తారు ఎందుకు వద్దంటున్నానో వివరిస్తాను. గట్టు మీద తారు పడిన మరుసటి ఏడాదే చేపల చెరువుల లారీలు దాని మీదికి వస్తాయి. ఆ బరువుకు గట్టు కుంగి, వానల్లో జారి, గండి పడితే మునిగేది పక్క పొలం. అయితే ఏ ఊరికైనా గట్టే ఏకైక దారి అయితే, అంబులెన్సు రావాలన్నా పిల్లలు బడికి వెళ్లాలన్నా అదే దిక్కయితే, అక్కడ తారు వేయవలసిందే. సైకిల్ తొక్కేవారి సరదా కోసం ఏ ఊరి రోడ్డూ ఆగకూడదు. నేనంటున్నది ఊళ్లకు వేరే రోడ్డున్న చోట్ల గురించి.

గ్రావెల్ అన్నంత మాత్రాన ఏదో ఒకటి తెచ్చి పోస్తే సరిపోదు. ఇప్పుడు చాలాచోట్ల 40 మిల్లీమీటర్ల కంకర పరిచి, రోలర్ తిప్పకుండా వదిలేస్తున్నారు. దాని మీద సైకిల్ కాదు కదా, చెప్పులేసుకుని నడవడమూ కష్టమే. కంకర లేని చోట నల్లమట్టి. ఒక్క వాన పడితే అది టైరుకు, ఫోర్కుకు మధ్య ముద్దలా కరుచుకుని చక్రాన్ని తిరగనివ్వదు, పుల్లతో గీకుతూ పది అడుగులకోసారి ఆగవలసిందే. మెట్ట ప్రాంతపు ఎర్ర గ్రావెల్‌ను పలచగా పరిచి, నీళ్లు కొట్టి, రోలర్‌తో దిమ్మిస్ చేసి, వాన నీరు మధ్యలో నిలవకుండా కొంచెం వాలు ఇస్తే ఆ దారి రెండు మూడు వానాకాలాలు నిలుస్తుంది. తూముల దగ్గర గట్టు ఇరుకయ్యే చోట పిట్టగోడ కావాలి. మలుపు తిరిగాక తూము ఒక్కసారిగా కాళ్ల కిందికి వచ్చే చోట్లున్నాయి, చీకటి పడితే అక్కడ కాలువలో పడడం ఖాయం. సర్కారు తుమ్మ కొట్టినప్పుడు ముళ్ల కొమ్మలను గట్టు మీదే వదలవద్దని కాలువలు చూసుకునే లస్కర్లకు చెప్పినా సగం పంక్చర్లు తగ్గుతాయి.

ఇలాంటి పని జరిగిన చోటు ఒకటుంది. అమెరికాలో వాషింగ్టన్ నగరం నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా పొటోమాక్ నది పక్కన చెసపీక్ అండ్ ఒహాయో కాలువ ఉంది. 1924లో పడవలు ఆగిపోయాయి. ఆ కాలువ వెంట హైవే వేస్తామన్నప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో ఆ గట్టు పొడవునా నడిచి దాన్ని కాపాడమని దేశాన్ని అడిగారు. 1971లో అది జాతీయ ఉద్యానవనమైంది. దాదాపు 297 కిలోమీటర్ల ఆ దారి నేటికీ మట్టీ గ్రావెలే. లాకుల కాపలాదారులుండే పాత ఇళ్లలో కొన్నిటిని బాగుచేసి యాత్రికులకు రాత్రి బసకు ఇస్తున్నారు. ఆ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువారిలో ఆ గట్టు మీద తిరిగినవారు ఎందరో ఉంటారు. మన కాలువల మీదా పాత ఇరిగేషన్ బంగళాలున్నాయి. పైకప్పు ఇంకా నిలిచి ఉన్న ఒకటి రెండింటిని బాగుచేసి, స్థానిక మహిళా సంఘాలకు అప్పగిస్తే భోజనం, బస అక్కడే దొరుకుతాయి. కొత్త రిసార్టు ఒక్కటీ కట్టనవసరం లేదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. సార్వా (ఖరీఫ్) కోతల రోజుల్లో రైతులు గట్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ రోజుల్లో గట్టు రైతుదే, సైకిల్ దిగి నడవాలన్న నియమం బోర్డు మీద రాయాలి. ఎలాగూ అది తుఫాన్ల కాలం, సైకిల్ యాత్రలకు సంక్రాంతి ముందూ వెనుకా రోజులే అనువైనవి. ఇక దారి అంతర్వేది ఊళ్లోనే ఆగాలి, ఇసుక మీదికి పోకూడదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే.

మీ శాఖ, జలవనరుల శాఖ కలిసి ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇస్తే గట్టు మీద సైకిల్‌కు హక్కు ఏర్పడుతుంది. ఒక లాకు దగ్గర పోనిచ్చి, మరో లాకు దగ్గర వెనక్కి పంపే పరిస్థితి పోతుంది. దాళ్వా (రబీ) కోతలయ్యాక కాలువలు కట్టేసే రోజుల్లోనే గట్ల పనులు చేయడం వీలవుతుంది. అందుచేత వచ్చే వేసవిలో కాలువలు కట్టేసేలోగా దారిని పరిశీలించడానికి ఒక ఇంజనీరును, ఒక పర్యాటక అధికారిని నియమించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. తొలి ఏడాది బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వరకు బాగుచేసినా చాలు. పరిశీలనకు వచ్చేవారికి గట్టు మీద దారి చూపించడానికి ఇక్కడి సైకిల్ మిత్రులం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమ సైకిల్ యాత్రికుడు