అప్‌గ్రేడ్ తర్వాత పెద్ద స్క్రీన్ రాకపోతే మదర్‌బోర్డ్ దాకా వెళ్లకండి

సంపాదకులకు నమస్కారం,

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, అప్పట్నుంచి పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు వరసగా విండోస్ 11కి మారుతున్నారు. మారాక నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినపడేది ఒకటే. ల్యాప్‌టాప్ బాగానే ఉంది, దానికి కట్టిన పెద్ద మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నల్లబడిపోతోంది, మానిటర్ పోయిందా, కేబుల్ పోయిందా, పోర్ట్ పోయిందా అని ఒకటే టెన్షన్. నేను హనుమకొండలో డీటీపీ పని చేస్తాను, చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా నన్ను పిలుస్తారు, అందుకే రాస్తున్నాను. నిన్నటిదాకా బాగా వచ్చిన మానిటర్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడే రాకపోతే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ని, అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే చిప్‌ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్‌ని. డ్రైవర్‌కి రూపాయి ఖర్చు లేదు. అది చూడకుండా విడిభాగాల మీద డబ్బులు పెట్టొద్దు.

మా వీధిలో ఒకావిడ ఇంటి నుంచే ఒక కంపెనీకి బిల్లింగ్ పని చేస్తారు, రెండు స్క్రీన్లు లేకపోతే ఆ పని ముందుకు సాగదు, ఒకదాంట్లో బిల్లు చూస్తూ ఇంకోదాంట్లో కొట్టాలి. అప్‌గ్రేడ్ తర్వాత మానిటర్ రాలేదు. ఊళ్లో ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్తే మదర్‌బోర్డ్‌లో డిస్‌ప్లే చిప్ పోయింది, మార్చాలి, తొమ్మిది వేలు అవుతుందన్నారట. "అన్నా, ఈ నెల జీతం కట్ అయితది, మార్పించాల్నా?" అని అడిగింది. తెరిచి చూస్తే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్ భాగాల జాబితా చూపించే విండోస్ పేజీ అది) ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం ఉంది, అంటే ఆ భాగంతో ఏదో తేడా ఉందని గుర్తు. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి, మెషీన్ అడుగున రాసి ఉన్న మోడల్ నంబరు కొట్టి, ఆ మోడల్‌కి ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ దించి వేశాం, రీస్టార్ట్ చేశాక మానిటర్ వచ్చింది. చిప్ ఏమీ పోలేదు. ఆ షాపువాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను, ఆ త్రికోణం వాళ్లు చూసి ఉండరు, కానీ చూడకుండా తొమ్మిది వేలు ఎలా చెప్తారు?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో, ఇంజినీరింగ్ పిల్లలు కొనే మోడళ్లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి, ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్‌దో ఏఎండీదో, రెండోది విడిగా ఎన్‌విడియాది. ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్ మామూలుగా మొదటిదాని మీద నడుస్తుంది. బయటి హెచ్‌డీఎంఐ పోర్ట్‌ని మాత్రం చాలా మోడళ్లలో నేరుగా ఎన్‌విడియా చిప్‌కి కలుపుతారు. అంటే ఎన్‌విడియా డ్రైవర్ ఒక్కటి దెబ్బతింటే ల్యాప్‌టాప్ స్క్రీన్ నిక్షేపంలా ఉంటుంది, పోర్ట్ మాత్రం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. "ల్యాప్‌టాప్‌లో బొమ్మ వస్తోంది కాబట్టి డ్రైవర్ బాగానే ఉంది, పోర్టే పోయింది" అని అందరూ అనుకునేది ఇందుకే, షాపులవాళ్లతో సహా. ఒకే చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇంకో రకంగా బయటపడుతుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్ అనో ఏఎండీ అనో ఉండాల్సిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటుంది. అసలు డ్రైవర్ దొరకనప్పుడు విండోస్ పని నడవడానికి పెట్టుకునే తాత్కాలిక డ్రైవర్ అది, దాంతో ఒక స్క్రీన్ మీద ఏదో బొమ్మ వస్తుంది, రెండో స్క్రీన్ రాదు. ఆ పేరు కనపడిందంటే జబ్బు దొరికినట్టే.

డ్రైవర్ జోలికి వెళ్లేముందు చేయాల్సిన చిన్న పరీక్షలు ఉన్నాయి. మానిటర్‌కీ కేబుల్‌కీ ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్స్ తగిలించి చూడండి, బొమ్మ వస్తే ఆ రెండూ బాగున్నట్టే. మానిటర్ బటన్ నొక్కి ఇన్‌పుట్ సరైనదే ఉందా చూడండి, మానిటర్‌ని ప్లగ్ నుంచి తీసి కాసేపాగి మళ్లీ పెట్టండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు పెద్ద మానిటర్ మీద కంపెనీ లోగో కనపడి, విండోస్ లోడ్ అయ్యేసరికి ఆరిపోతే మాత్రం పోర్ట్, కేబుల్, మానిటర్ మూడూ బాగున్నాయి, గొడవంతా విండోస్ లోపలే. (లోగో కనపడకపోతే పోర్ట్ పోయిందని తేల్చేయకండి, కొన్ని మోడళ్లు లోగోని సొంత స్క్రీన్ మీదే చూపిస్తాయి.) తర్వాత విండోస్ కీ, పి కలిపి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచుకోండి, అప్‌గ్రేడ్‌లో ఈ సెట్టింగ్ ఒక్కటి మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది, స్క్రీన్ ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది, ఫైళ్లకేమీ కాదు.

వీటితో రాకపోతే డ్రైవర్. మొదట సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ అనే చోటికి వెళ్లి చూడండి, అక్కడ డ్రైవర్లు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంటాయి. లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మోడల్ నంబరుతో దించుకోండి. చిప్ కంపెనీ సైట్లో ఇంకా కొత్తది ఉంటుంది కానీ, కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ కంపెనీ సరిచూసిన డ్రైవర్‌ని తప్ప ఒప్పుకోవు, ఇన్‌స్టాల్ మధ్యలోనే ఈ కంప్యూటర్‌కి ఇది సరిపోదని ఆపేస్తాయి. ఒక్కోసారి కొత్త డ్రైవరే తంటా, పాతది బాగుండేది. అప్పుడు డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్ తెరిచి "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కాలి. ఆ బటన్ బూడిదరంగులో ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోవాలి, చేసేటప్పుడు డ్రైవర్‌ని కూడా తీసేయమనే చిన్న గడిలో టిక్ పెట్టడం మర్చిపోకూడదు. టిక్ పెట్టకపోతే రీస్టార్ట్ అవ్వగానే విండోస్ ఆ పాడు డ్రైవర్‌నే మళ్లీ తెచ్చి పెడుతుంది, ఎంత చేసినా మారలేదని జనం విసిగిపోయేది ఇక్కడే.

ఏదీ కుదరకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది, దానికి గడువూ ఉంది. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీ కింద "గో బ్యాక్" నొక్కితే పాత విండోస్ తిరిగి వస్తుంది. ఈలోగా జాగా కోసమని డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. వెనక్కి వెళ్లేముందు ఫైళ్లు విడిగా కాపీ పెట్టుకోండి.

డాక్‌ల సంగతి వేరు. యూఎస్‌బీ పోర్ట్‌కి చిన్న పెట్టె తగిలించి దాని నుంచి మానిటర్‌కి కేబుల్ ఇచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాటిలో రెండు జాతులున్నాయి. కొన్ని టైప్-సీ పోర్ట్‌లోంచి వచ్చే వీడియోనే అటు పంపిస్తాయి, వాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. రెండోవి డిస్‌ప్లేలింక్ రకం, ఇవి బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో కుదించి యూఎస్‌బీ మీద పంపిస్తాయి కాబట్టి వీటి డ్రైవర్ విడిగా వేయాలి, సిస్టమ్ అప్‌గ్రేడ్ అయినప్పుడల్లా అదీ మార్చాల్సి రావచ్చు. మాక్ వాళ్లకీ ఈ బాధ తప్పలేదు. 2018లో మాక్ 10.13.4 అప్‌డేట్ వచ్చినప్పుడు డిస్‌ప్లేలింక్ డాక్‌లకి కట్టిన స్క్రీన్లు ఆగిపోయాయి. ఇప్పుడైతే మాక్‌లో డిస్‌ప్లేలింక్ మేనేజర్‌కి స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ ఇవ్వాలి, అప్‌గ్రేడ్ తర్వాత స్క్రీన్ రాకపోతే ముందు ఆ పర్మిషన్ ఉందో లేదో చూడాలి.

విండోస్ బదులు ఉబుంటు వాడే విద్యార్థులకి రెండు ముక్కలు. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ తర్వాత మానిటర్ పోతే, మెషీన్ ఆన్ చేసేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్‌తో తెరవండి. అందులో మానిటర్ వస్తే కొత్త కెర్నల్‌కి ఎన్‌విడియా మాడ్యూల్, అంటే దాని డ్రైవర్, తయారు కాకపోయి ఉండొచ్చు, "అడిషనల్ డ్రైవర్స్"లోంచి మళ్లీ వేసుకుంటే సరిపోవచ్చు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని మొదట్లోనే ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు పాస్‌వర్డ్ అడిగి, రీస్టార్ట్‌లో నీలం తెర చూపిస్తుంది, కంగారుపడి దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు, అక్కడ ఎన్‌రోల్ అని ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఫార్మాట్, అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం. మానిటర్ రావట్లేదంటే చాలు, ఫార్మాట్ కొట్టేస్తాం అంటారు. కొట్టాక మానిటర్ వస్తుంది కూడా, ఎందుకంటే విండోస్ కొత్తగా వేసినప్పుడు డ్రైవర్లు కొత్తగా పడతాయి. దాంతో ఫార్మాటే మందు అని షాపువాళ్లూ నమ్ముతారు, ఇచ్చినవాళ్లూ నమ్ముతారు. అరగంటలో డ్రైవర్ మార్చి చేయగలిగినదానికి చిన్న వ్యాపారి ట్యాలీ లెక్కల డేటా, మాలాంటివాళ్ల "అను" తెలుగు ఫాంట్లు, పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు బలిపెట్టడం ఏం న్యాయం? బ్యాకప్ ఉందా అని అడిగేవాళ్లు ఎంతమంది? ఫార్మాట్ అనగానే ఒక్క మాట అడగండి: డివైస్ మేనేజర్ చూశారా, అందులో ఏం కనపడింది? విడిభాగం మార్చాలంటే ఏది పోయింది, ఏ పరీక్షతో తెలిసింది అనేది కాగితం మీద రాసిమ్మనండి. మంచి మెకానిక్ రాసిస్తాడు. రాసిచ్చాక కూడా మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఫోన్ చేయండి.

గూగుల్‌లో "డ్రైవర్ డౌన్‌లోడ్" అని కొడితే పైన వచ్చే ప్రకటనల్ని మాత్రం నొక్కకండి. "మీ కంప్యూటర్‌లో డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, డబ్బు కట్టండి" అనే ప్రోగ్రాములు ఎవరికీ అవసరం లేదు. సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రాం) వేయండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ల్యాప్‌టాప్ కంపెనీలని అడగాల్సింది కూడా ఉంది. విండోస్ 11కి అర్హత ఉందని చెప్పిన ప్రతి మోడల్‌కీ దాని గ్రాఫిక్స్ డ్రైవర్ సైట్లో ఉంచాలి, మోడల్ పాతదని తీసేయకూడదు. ఏ పోర్ట్ ఏ చిప్‌కి కలిపారో, టైప్-సీలోంచి వీడియో వస్తుందో రాదో పెట్టె మీద రాయాలి. చవక మోడళ్లలో టైప్-సీ పోర్ట్ చాలాసార్లు డేటాకీ చార్జింగ్‌కీ మాత్రమే, అది తెలియక కేబుల్ మీద కేబుల్ కొనేవాళ్లని చూస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ మొదలుపెట్టింది, విడిభాగాలూ మాన్యువల్స్‌తో పాటు పాత మోడళ్ల డ్రైవర్లు కూడా అందులోంచి దొరికేలా చేయాలని కోరుతున్నాను.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. కొత్త ఫోన్ల గురించి మీ టెక్నాలజీ పేజీలో బాగా రాస్తున్నారు, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని నిలబెట్టుకోవడం గురించి కూడా వారానికి ఒక చిన్న పెట్టె కేటాయించండి. మెనూల పేర్లు స్క్రీన్ మీద కనపడేట్టే తెలుగు లిపిలో వేసి, ఒక్కో వారం ఒక్క సమస్య తీసుకుంటే చాలు. మొదటి వారానికి ఈ మానిటర్ సమస్య బొమ్మలతో సహా రాసి పంపడానికి నేను సిద్ధం, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
హనుమకొండ