హైడ్రోజన్ బండ్లకూ పన్ను మినహాయింపు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఒకప్పుడు తెల్లవారుజామున అలిపిరి దగ్గర నిలబడితే డీజిల్ పొగకు గొంతు మండేది. 2022లో తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక చాలా తేడా వచ్చింది. బస్సు పక్కనుంచే పోయినా ముక్కు మూసుకోనక్కర్లేదు.

ఆ ఉత్సాహంతోనే పోయినేడు లోన్ తీసుకుని ఎలక్ట్రిక్ కారు కొన్నాను. తీరా ఆడిటర్ దగ్గరికి వెళ్తే, లోన్ వడ్డీపై రూ.1.5 లక్షల వరకు మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను చట్టం 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకేనని చెప్పారు. మనసు చివుక్కుమంది.

పైగా అది బ్యాటరీ బండ్లకు మాత్రమే. ఫ్యూయల్ సెల్ బండి హైడ్రోజన్‌తో తనలోనే కరెంటు తయారు చేసుకుంటుంది, బయటికి వదిలేది నీళ్లే. అయినా ఆ సెక్షన్‌లో దానికి చోటు లేదు. అమెరికాలో 2025 సెప్టెంబర్ 30 వరకు ఇలాంటి బండ్లకు కూడా 7,500 డాలర్ల దాకా పన్ను తగ్గించారు.

సౌర, పవన విద్యుత్ లాంటి వాటితో తయారయ్యే గ్రీన్ హైడ్రోజన్ కోసం పెట్టిన మిషన్‌కు కేంద్రం రూ.19,744 కోట్లు ప్రకటించింది, సంతోషం. కొనేవాళ్లనూ పట్టించుకోండి. ఆ మినహాయింపును మళ్లీ తెచ్చి, హైడ్రోజన్ బండ్లనూ చేర్చాలి. రేణిగుంట రోడ్డులో ఒక్క హైడ్రోజన్ బంకైనా పెట్టాలి.

- ఒక పాఠకుడు, తిరుపతి