మా కాళ్లు చూపించి భయపెట్టకండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది హనుమకొండ. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఇప్పుడు యాభై దాటాయి. కాలికి ఊతంగా క్యాలిపర్ పట్టీ వేసుకుని నడుస్తాను, దూరమైతే మూడు చక్రాల స్కూటర్ మీద వెళ్తాను.

మొన్న కాజీపేట వైపు వెళ్తుంటే సిగ్నల్ దగ్గర షుగర్ వ్యాధి గురించి పెద్ద బోర్డు కనిపించింది. మోకాలి కింద కాలు లేని మనిషి వీల్‌చైర్‌లో తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన ‘మీ బతుకు ఇలా కావాలా?’ అని రాశారు. పరీక్ష ఎక్కడ చేస్తారో ఒక్క ముక్క లేదు. నా పక్కన బండి మీదున్నాయన బోర్డు చూశాడు, తర్వాత నా కాలు చూశాడు.

ఆ చూపు నాకు కొత్త కాదు. పల్స్ పోలియో రోజుల్లో మా వాడలో బూత్ దగ్గర సాయానికి కూర్చునేవాణ్ని. చుక్కలకు మొండికేసే పిల్లలకు నన్ను చూపించి, ‘ఏసుకోకుంటే ఆ అంకుల్ లెక్క అయితవ్’ అనేవాళ్లు. నేను నవ్వేవాణ్ని. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. 2014 మార్చిలో మనది పోలియో లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినప్పుడు మాత్రం అందరికంటే ఎక్కువ సంతోషపడ్డాను. అది చుక్కలతో, ఇల్లిల్లూ తిరిగి చిటికెన వేలికి గుర్తు పెట్టినవాళ్ల కష్టంతో వచ్చింది. నా కాలును చూసి జడుసుకున్నందుకు రాలేదు.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరిపోతుంది. చెప్పుల్లేకుండా పొలంలో దిగే మన రైతుకు ‘రోజూ రాత్రి పాదాలు చూసుకో, పుండు కనిపిస్తే ఆలస్యం చేయకు’ అన్న మాట కావాలి. మా వీధిలో ఒకావిడ కాలి పుండును నెల రోజులు చీర కుచ్చిళ్ల కింద దాచుకుంది. ఆస్పత్రికి పోతే కాలు తీసేస్తారన్న టెన్షన్. ఆ బోర్డు అలాంటి వాళ్లను ఇంకా దాక్కునేలా చేస్తుంది. ఇప్పటికే కాలు పోయినవాళ్లకైతే, నీ బతుకు అయిపోయింది పో అన్నట్టే.

వికలాంగుల గౌరవాన్ని కాపాడేలా ప్రజల్లో అవగాహన పెంచాల్సిన బాధ్యతను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వాల మీదే పెట్టింది. సినిమాల్లో, టీవీల్లో మమ్మల్ని ఎలా చూపాలో 2024 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మమ్మల్ని అడగకుండా మా గురించి ఏదీ తేల్చకూడదన్న సూత్రాన్ని గుర్తు చేసింది. రోడ్డు మీది ఆరోగ్య ప్రకటనకూ అదే వర్తించాలి కదా సార్. షుగర్, బీపీ మాకూ వస్తాయి. చెవులు వినబడని వాళ్లకు టీవీ ప్రకటనలో సంజ్ఞా భాష పెట్టిస్తే, చూపు లేని వాళ్ల కోసం అదే మాట రేడియోలో వినిపిస్తే ఎంతో మేలు.

ప్రకటనలు అచ్చుకు పోయే ముందు ప్రతి జిల్లాలో కొందరు వికలాంగులకు చూపించాలని ఉత్తర్వు ఇవ్వండి. హనుమకొండలో అయితే మేం పది మందిమి కూర్చుని ఒక్క పూటలో చూసి పెడతాం. ముందు మాత్రం ఆ బోర్డు దించమనండి.

ఇట్లు,
హనుమకొండ వాసి