ఉన్న పన్నును తీయించుకునే ముందు

గౌరవనీయులైన సంపాదకులకు,

పోయిన పంటి చోట దవడ ఎముకలోకి చిన్న టైటానియం మరను దించి, అది ఎముకతో అతుక్కున్నాక దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే ఇంప్లాంట్ వైద్యం గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, వాటి పక్కనే వచ్చే ప్రకటనల్లోనూ ఇప్పుడు విరివిగా చదువుతున్నాం. అది గొప్ప వైద్యమే. దంతవైద్యురాలిగా నేనూ ఆ చికిత్స చేస్తాను. ఏళ్ల తరబడి మెత్తని పదార్థాలతో సరిపెట్టుకున్నవారు మళ్లీ నమిలి తినగలగడం చూశాను. అయినా ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది, ఎందుకంటే ఆ రాతల్లో ఎక్కువ భాగం ఇంప్లాంట్‌ను సొంత పంటికన్నా మెరుగైన వస్తువుగా చూపిస్తున్నాయి. దాని ఫలితంగా, కాస్త నొప్పి పెట్టే పన్నునో కొద్దిగా కదిలే పన్నునో చూపించి, "దీన్ని బాగుచేయడం దేనికి డాక్టరుగారూ, తీసేసి ఇంప్లాంట్ పెట్టేయండి, ఇక జన్మలో దిగులుండదు" అని అడిగేవారు ఎక్కువవుతున్నారు. ఇంప్లాంట్ ఉన్నది లేని పంటి లోటు తీర్చడానికి. నిలబెట్టుకోగల పన్నును పీకించి ఆ స్థానంలో పెట్టించుకోవడానికి కాదు.

ఈ వైద్యం పుట్టుకే ఆ మాట చెబుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి కుందేళ్ల కాలి ఎముకల్లో టైటానియం పరికరాలను అమర్చారు. పరిశీలన ముగిశాక వాటిని తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని పరాయిదిగా వెలివేయకుండా దాని ఉపరితలానికి అంటుకుని పెరిగిపోయింది. 1965లో ఆయన తొలిసారిగా ఇంప్లాంట్లు అమర్చిన మనిషి గోస్టా లార్సన్, పుట్టుకతోనే దవడ లోపం ఉండి, పళ్లు లేక తినడానికీ మాట్లాడటానికీ అవస్థ పడినవాడు. ఆ ఇంప్లాంట్లు 2006లో ఆయన చనిపోయేవరకు, అంటే 40 ఏళ్లకు పైగా, పనిచేశాయి. మరో దారి లేని మనిషికి దారి చూపడం కోసం వచ్చిన చికిత్స ఇది. దీని గౌరవం అక్కడే ఉందని నేను నమ్ముతాను.

సొంత పంటికి ఉన్నదీ ఇంప్లాంట్‌కు లేనిదీ ఏమిటో ప్రజలకు ఎవరూ సరిగా చెప్పడం లేదు. మన పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. నమిలేటప్పుడు పడే బరువును అది కొంత తనలోకి తీసుకుంటుంది. అందులోని నాడులు ఎంత గట్టిగా కొరుకుతున్నామో మెదడుకు క్షణక్షణం తెలియజేస్తాయి. దానిలోని రక్తనాళాలు పంటి చుట్టూ ఉన్న కణజాలానికి పోషణ అందిస్తాయి. అన్నంలో చిన్న రాయి తగలగానే దవడ చటుక్కున ఆగిపోవడంలో ఆ పొర పాత్ర పెద్దది. ఇంప్లాంట్ చుట్టూ ఆ పొర ఉండదు, ఎముకే నేరుగా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అందువల్ల అతిగా పడే బరువును ఇంప్లాంట్ పసిగట్టలేదు. రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవారిలో పైనున్న కృత్రిమ దంతపు తొడుగు పగలడం, మర వదులు కావడం ఎక్కువగా జరగడానికి ఇదొక కారణం.

చిగురు దగ్గర తేడా ఇంకా ముఖ్యమైనది. సహజ దంతం విషయంలో చిగురులోని నారలు వేరులోకి చొచ్చుకుని గట్టి పట్టు ఏర్పరుస్తాయి, క్రిములు లోపలికి దిగకుండా అదొక అడ్డు. ఇంప్లాంట్ విషయంలో ఆ నారలు దాని చుట్టూ, దాని పక్కగా సాగుతాయే తప్ప లోహంలో నాటుకోలేవు. పాచి పేరుకున్నప్పుడు వాపు సొంత పంటి చుట్టూకన్నా ఇంప్లాంట్ చుట్టూ తొందరగా లోతుకు దిగడానికి వీలున్నది ఇందుకే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లోతుగా పుచ్చి నరం దాకా చేరిన పన్నును రూట్ కెనాల్ చేసి, సరైన తొడుగు వేస్తే అది దశాబ్దాల పాటు పనిచేయగలదు. అలా కాపాడిన పన్నునూ, ఒంటరి ఇంప్లాంట్‌నూ పోల్చి చూసిన పరిశోధనా సమీక్షల్లో, ఎన్నేళ్లు నిలుస్తాయన్న విషయంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చిగుళ్ల వ్యాధి వల్ల కొంత ఎముక కోల్పోయిన పళ్లు సైతం, గార తీయించి, పంటి వేళ్లను లోతుగా శుభ్రం చేయించి, క్రమం తప్పకుండా పరీక్షకు వచ్చేవారిలో చాలాకాలం నిలుస్తాయి. వేరు నిలువునా చీలిపోయినప్పుడు, ఎముక పైన తొడుగు పట్టుకోవడానికి తగినంత పన్ను మిగలనప్పుడు, వేరు చుట్టూ ఎముక దాదాపు పూర్తిగా కరిగిపోయినప్పుడు తీయక తప్పదు, అప్పుడు నేనూ తీసేయమనే చెబుతాను. ఆ నిర్ణయానికి ముందు మాత్రం "ఈ పన్నును నిలబెట్టే మార్గం ఏదైనా ఉందా" అని రోగి అడగాలి, వైద్యులు దానికి ఎక్స్‌రే చూపించి మరీ జవాబు చెప్పాలి. పీకడానికి తొందరపెడుతున్నారని అనిపిస్తే మరో వైద్యుణ్ని సంప్రదించడం రోగి హక్కు. దాన్ని మా వృత్తిలో ఎవరూ అవమానంగా తీసుకోకూడదు.

చిగుళ్ల వ్యాధితో పళ్లు పోగొట్టుకున్నవారి గురించి నాకు ప్రత్యేకమైన ఆందోళన ఉంది. వారి పళ్లను కదిలించిన క్రిములు ఆ నోట్లోనే ఉంటాయి. పళ్లు తోముకునే తీరూ, పొగాకు అలవాటూ, అదుపులేని మధుమేహమూ చికిత్సతో పాటు మాయమైపోవు. ముందుగా చిగుళ్ల వ్యాధిని అదుపులోకి తేకుండా ఇంప్లాంట్లు అమరిస్తే అదే వ్యాధి కొత్త రూపంలో తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ. తొలిదశలో ఇంప్లాంట్ చుట్టూ చిగురు ఎర్రబడి, తోముకుంటే రక్తం వస్తుంది. అప్పుడే గుర్తించి శుభ్రం చేస్తే నయమవుతుంది. పట్టించుకోకపోతే ఎముక కరగడం మొదలై పెరి ఇంప్లాంటైటిస్ అనే దశకు చేరుతుంది, ఆ దశలో వైద్యం కష్టం, పోయిన ఎముక పూర్తిగా తిరిగి రావడం అరుదు. ఇది చాలామందిలో నొప్పి లేకుండానే సాగిపోతుంది. నొప్పి లేదు కాబట్టి అంతా బాగుందనుకుని ఏళ్ల తరబడి పరీక్షకు రానివారు, ఇంప్లాంట్ కదులుతోందని వచ్చే సమయానికి చేయగలిగింది పెద్దగా మిగలదు.

పదేళ్ల తర్వాత కూడా ప్రతి 100 ఇంప్లాంట్లలో 90కి పైగా నోట్లో నిలిచే ఉంటాయన్న మాట నిజం, అది ఈ వైద్యం సాధించిన గొప్ప విజయం. అయితే ఆ లెక్క ఇంప్లాంట్ ఊడిపోలేదని మాత్రమే చెబుతుంది. దాని చుట్టూ చిగురు వాచి ఉందా, ఎముక తగ్గుతోందా, పైనున్న తొడుగును మార్చవలసి వచ్చిందా అన్నవి ఆ లెక్కలోకి రావు. "జీవితకాల హామీ" అనే ప్రకటనలు సాధారణంగా లోపలి మరకు తయారీదారులు ఇచ్చే హామీని చూపిస్తాయి, అది విఫలమైతే కొత్త మర ఇస్తారన్నది దాని అర్థం. కరిగిన ఎముకకు హామీ ఇవ్వడం ఎవరి వల్లా కాదు.

"ఒక్క రోజులో పళ్లు" అన్న ప్రచారం గురించి కూడా చెప్పాలి. ఎముక దృఢంగా ఉండి, మర మొదటి రోజే గట్టిగా బిగిసినప్పుడు వెంటనే తాత్కాలిక పళ్లు అమర్చడం శాస్త్రీయంగా సాధ్యమే, నాలుగు ఇంప్లాంట్లపై ఒక దవడ మొత్తానికి పళ్లు నిలిపే పద్ధతీ స్థిరపడినదే. కానీ ఆ రోజు పెట్టేవి సాధారణంగా తాత్కాలికమైనవి. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా గట్టి పదార్థాలు నమలకూడదు, శాశ్వత పళ్లు ఆ తర్వాతే వస్తాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. దవడ మొత్తానికి ఒకేసారి పళ్లు పెట్టే ఈ పద్ధతికి అడ్డుగా ఉన్నాయని, ఆరోగ్యంగా ఉన్న ఐదారు పళ్లను కూడా పీకేసే ప్రమాదం ఉంది. పీకిన పన్నును వెనక్కి తేలేం కనుక, అటువంటి సలహా విన్నవారు ఆ రోజే సంతకం చేయకుండా ఇంటికి వెళ్లి ఆలోచించుకోవాలని నా విన్నపం.

దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు, కొన్ని అరుదైన స్థితుల్లో తప్ప, ఇంప్లాంట్లు పెట్టరు. పక్కనున్న పళ్లు దవడతో పాటు కదులుతుంటే ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోయి, కాలం గడిచేకొద్దీ లోపలికి కుంగినట్టు కనబడుతుంది. ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫొనేట్ లేదా డెనోసుమాబ్ మందులు వాడేవారు, దవడకు రేడియేషన్ చికిత్స తీసుకున్నవారు ఆ సంగతిని అడగకపోయినా ముందే చెప్పాలి, ఎందుకంటే వీరిలో పన్ను పీకినా, శస్త్రచికిత్స చేసినా దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంటుంది. కింది దవడలో నరం ఎక్కడుందో, పైదవడ మీదుండే సైనస్ అనే గాలి గది ఎంత దగ్గరగా ఉందో కొలిచి చూడటం ఎందుకు అవసరమో కూడా వైద్యులు రోగికి వివరించాలి.

పన్ను నిజంగానే పోయినవారికి మాత్రం నేను చెప్పేది వేరు. వారు ఆలస్యం చేయకుండా సలహా తీసుకోవాలి. పన్ను తీసిన మొదటి ఏడాదిలో ఆ చోట దవడ గట్టు వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఏళ్లు గడిచాక వస్తే ఇంప్లాంట్‌కు ముందు ఎముకను పెంచే అదనపు చికిత్స అవసరం కావచ్చు. ఇరుపక్కలా చెక్కుచెదరని పళ్లుండి నడుమ ఒక్కటి పోయినప్పుడు ఇంప్లాంట్ ఎంతో మేలైనది, ఎందుకంటే పక్క పళ్ల ఆధారంతో కృత్రిమ దంతాన్ని నిలిపే బ్రిడ్జి కోసం ఆ మంచి పళ్లను అరగదీయనవసరం లేదు. అదే పక్క పళ్లకు ఎలాగూ తొడుగులు వేయవలసి ఉంటే బ్రిడ్జి సబబైన మార్గమే. పళ్లన్నీ పోయి, కింది కట్టుడు పళ్లు నిలవక ఇబ్బంది పడే వృద్ధులకు కింది దవడలో రెండే రెండు ఇంప్లాంట్లు అమర్చి వాటిపై సెట్టు బిగిస్తే ఎంత మార్పు వస్తుందో చూసినవారికే తెలుస్తుంది. పళ్లు లేని కింది దవడకు మొదట ఆలోచించవలసిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. అంత తక్కువతో అంత మేలు జరిగే ఈ చికిత్స గురించి ప్రకటనల్లో చాలా అరుదుగా కనబడటం నాకు బాధ కలిగిస్తుంది. చివరి దవడ పన్ను ఒక్కటి పోయి, మిగిలిన వాటితో హాయిగా నములుతున్నవారు ఆ ఖాళీని తప్పనిసరిగా పూరించుకోవాలనీ లేదు.

ఇంప్లాంట్ పెట్టించుకున్నవారు దాని తయారీదారు పేరు, రకం, కొలత, తయారీ సంఖ్య రాసిన పత్రాన్ని అడిగి తీసుకుని దాచుకోవాలి. ఒక సంస్థ మరకు మరో సంస్థ భాగాలు సాధారణంగా సరిపోవు. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో పైభాగం వదులైతే, ఆ వివరాలు లేకుండా బాగుచేయడం ఏ వైద్యుడికైనా పెద్ద చిక్కు.

సంపాదకులుగా మీకు నా అభ్యర్థన ఒకటే. ఇంప్లాంట్ల గురించి మీ ఆరోగ్య పేజీలో వ్యాసం వేసిన ప్రతిసారీ, పన్నును నిలబెట్టే చికిత్సలు ఏమున్నాయో, ఇంప్లాంట్ పెట్టాక ఏటా చేయించుకోవలసిన పరీక్షలు ఏమిటో కూడా ఆ వ్యాసకర్తతో రాయించండి. చికిత్సా కేంద్రాలు ఇచ్చే రచనలను ప్రచురించేటప్పుడు అవి ప్రకటనలేనన్న మాటను పాఠకులకు స్పష్టంగా కనబడేలా పైనే ముద్రించండి.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు