అయస్కాంతాలను ఇనుము కింద తూకం వేస్తున్నారు

గౌరవనీయులైన సంపాదకులకు,

బ్యాటరీలు, మోటార్ల వంటి వాటికి అవసరమయ్యే కీలక ఖనిజాల మాట వచ్చినప్పుడల్లా మన దగ్గర గనుల గురించే చర్చ నడుస్తోంది. హనుమకొండలో 20 ఏళ్లుగా మోటారు వైండింగ్ పని చేస్తున్న నాకు, సరఫరా గొలుసు తెగుతున్నది గని దగ్గర కాదనిపిస్తోంది.

గత నెల మా దుకాణానికి వైండింగ్ మాడిపోయిన ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటారు (చక్రంలోనే ఇమిడి ఉండే మోటారు) ఒకటి వచ్చింది. మూత విప్పి చూస్తే రాగి చుట్టలు నల్లబడిపోయాయి గానీ, రిమ్ము లోపలి అంచున వరుసగా అతికించిన అయస్కాంతపు బిళ్ళలు చేతిలోని స్క్రూడ్రైవరును లాక్కునేంత బలంగా ఉన్నాయి. మరమ్మతు ఖర్చు గిట్టుబాటు కాదని యజమాని దానిని పాత సామాను దుకాణంలో వేశారు. అక్కడ రాగికి విడిగా ధర కట్టి, బిళ్ళలున్న చక్రాన్ని ఇనుము కింద తూచారు.

ఆ బిళ్ళలు నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసేవి. ఎక్కువ వేడిని తట్టుకోవలసిన మోటార్లకైతే డిస్‌ప్రోసియం, టెర్బియం అనే లోహాలు కూడా కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసిన ఏడు మూలకాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఇటువంటి అయస్కాంతాల్లో దాదాపు 90 శాతం ఆ దేశంలోనే తయారవుతుండటంతో మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. మన సముద్రతీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో నియోడిమియమూ ఉంది. కానీ డిస్‌ప్రోసియం, టెర్బియం దొరికేది బహు స్వల్పం. ఇసుక తవ్వినా, మూలకాలను ఒకదాని నుంచి మరొకటి వేరుచేసి, లోహంగా మార్చి, పొడి చేసి, ఆ పొడిని అచ్చుగా నొక్కి కాల్చే కర్మాగారాలు లేకపోతే అది మన అక్కరకు రాదు. అందుకే 2025 నవంబరులో కేంద్రం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యం కోసం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించడం సరైన నిర్ణయమే. ఆ కర్మాగారాలు నిలదొక్కుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అదే ఏడాది సెప్టెంబరులో ఆమోదం పొందిన 1,500 కోట్ల రూపాయల రీసైక్లింగ్ పథకం, వ్యర్థాల నుంచి ఖనిజాలను వెలికితీసే పరిశ్రమలకు ప్రోత్సాహకాలు ఇస్తుంది. ఆ పరిశ్రమలకు సరుకు అందాలంటే ముందుగా వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వంటి ఊళ్లలో అయస్కాంతాలను ఎవరో ఒకరు విడిగా తీసి దాచాలి. ఇప్పుడు మా దగ్గర వాటిని కొనేవారు లేరు గనుకనే అవి కొలిమికి పోతున్నాయి. ఒకసారి ఇనుముతో కలిసి కరిగితే నియోడిమియం చిట్టెంలో కలిసిపోతుంది. దానిని తిరిగి రాబట్టడం గిట్టుబాటయ్యే పని కాదు.

బిళ్ళలను ఊడదీయడం అందరికీ చేతనయ్యే పని కాదని కూడా చెప్పాలి. అవి గాజులా పెళుసు. రెండింటి మధ్య వేలు ఇరికితే నలిగిపోతుంది. కాబట్టి ఐటీఐల్లో వైండింగ్‌తో పాటు ఈ పనినీ నేర్పాలని, జిల్లాకొక కొనుగోలు కేంద్రం తెరిచి కిలోకు ఇంతని ధర ప్రకటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మా దుకాణంలో డబ్బాలో దాచిపెట్టిన బిళ్ళలను ఆ కేంద్రానికి మొదటి రోజే తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ కార్మికుడు,
హనుమకొండ